చార్మినార్ నీడలో రెండ్రోజుల బొమ్మల యాత్ర

బొమ్మలేసేవాళ్లు శని, ఆదివారాలు గడపాలంటే కొండాకోనలకే వెళ్లనక్కర్లేదు. హైదరాబాద్ పాతబస్తీ చాలు! కాకపోతే శనివారం పొద్దున్నే చేరుకోవాలి. 1591లో కులీ కుతుబ్ షా కట్టించిన చార్మినార్‌ను దుకాణాలు తెరవకముందైతేనే తీరిగ్గా గీసుకోవచ్చు. జనం పెరిగాక ఓ ఇరానీ చాయ్ తాగి లాడ్‌బజార్‌లోకి నడవండి. లక్కగాజుల మీద అద్దాలు, రాళ్లు తళతళలాడుతుంటాయి. ఎవరి బొమ్మయినా వేసేముందు వాళ్లనో మాట అడగడం మర్యాద.

ఆదివారం పత్తర్‌గట్టీ దగ్గరి బాద్‌షాహీ ఆశూర్‌ఖానాకు వెళ్లాలి. ఇది ప్రార్థనా స్థలం. చెప్పులు బయటే విడవాలి. మొహర్రం రోజుల్లో బొమ్మల పని పెట్టుకోకపోవడమే మంచిది. గోడలనిండా కుతుబ్‌షాహీల నాటి రంగురంగుల టైల్స్. 1908 మూసీ వరదలో కిందివైపు కొన్ని పాడైతే, ఆ చోట అలాంటి డిజైన్లనే రంగులతో దిద్దారు. ఫొటో తీసుకుని వెళ్లిపోయేవారికి ఆ తేడా కనిపించకపోవచ్చు. గంటసేపు కూర్చుని గీసేవారికి మాత్రం ఏది పాత పలకో, ఏది పూసిన రంగో తెలిసిపోతుంది. వరద ఏం తీసుకుపోయిందో, ఏం మిగిల్చిందో అప్పుడే అర్థమవుతుంది. పిల్లల్నీ తీసుకెళ్లండి, వాళ్ల చేతికీ ఓ పెన్సిలిచ్చి!