లేమికి పేరేది?

మతి చెడిన మనిషిని గురించి చెప్పడానికి మన భాషలో మాటలకు కొదవ లేదు. వెర్రి, పిచ్చి, ఉన్మాదం, మతిభ్రమణం - అన్నీ అలజడిని సూచించేవే. అరిచేవాడికి యీ మాటలు సరిపోతాయి. అరవకుండా, అడగకుండా, గోడవైపు తిరిగి రోజులు గడిపేవాడికి మాత్రం మనమిచ్చే పేరు వొకటే: సోమరి.

మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. మందులు మొదలుపెట్టిన కొన్ని నెలలకు చెవిలో వినిపించే గొంతులు తగ్గాయి. జబ్బు నయమైందని బంధువులు సంతోషించారు. కాని అతను స్నానానికి లేవడు. ఆకలని అడగడు. వొకప్పుడు ప్రాణంగా చూసుకున్న చదరంగం బల్లను ముట్టుకోడు. "జబ్బు పోయింది గదా, వొళ్లు వంగక పడుకున్నాడు" అని మా మేనమామ తీర్పు చెప్పాడు.

యీ తీర్పు చెల్లదు. 1908లో యీ జబ్బుకు స్కిజోఫ్రీనియా అని పేరుపెట్టిన స్విస్ వైద్యుడు బ్లాయ్లర్, భ్రాంతులను పైపై లక్షణాలుగానే పరిగణించాడు. భావాల మధ్య సంబంధం సడలడమే మూలమన్నాడు. 1952లో పారిస్‌లో మానసిక రోగులకు వాడడం మొదలుపెట్టిన క్లోర్‌ప్రోమజిన్, ఆ తర్వాతి మందులూ గొంతులను అణచగలిగాయి. మాట, కోరిక, సంతోషం, పూనిక లోపించడాన్ని వైద్యులు నెగటివ్ లక్షణాలంటారు. యీ లేమిని ఆ మందులు అంతగా మార్చలేకపోయాయి.

2019లో బోస్టన్ పరిశోధకులు వొక అధ్యయనం ప్రకటించారు. తల వెనక అడుగున వుండే చిన్నమెదడుకూ, నుదుటి వెనక కుడిపక్క భాగానికీ మధ్య సంధానం యెంత సడలితే లేమి అంత తీవ్రంగా వుందని స్కానర్‌తో చూపారు. తర్వాత మరో 11 మంది రోగుల చిన్నమెదడుకు అయస్కాంత స్పందనలు పంపారు. సంధానం మెరుగుపడిన కొద్దీ లేమి తగ్గింది. 11 మందితో సిద్ధాంతం స్థిరపడదు. పైగా స్కానర్ చూపేది నరాల తీగెలను కాదు. రెండు చోట్ల రక్తంలోని ప్రాణవాయువు కలిసి హెచ్చుతగ్గులయ్యే తీరును. అయినా పూనికకు మెదడులో ఆధారం వుందనడానికి యిది బలమైన సూచన.

జబ్బును మెదడుతో ముడిపెడితే సమాజం నిర్దోషి అయిపోతుందని మన మిత్రులు కొందరి అనుమానం. అది అర్థంలేని అనుమానం కాదు. వలసా, నగరంలో గడిచిన బాల్యమూ యీ జబ్బు అవకాశాన్ని పెంచుతాయని యూరప్ అధ్యయనాలు చెబుతున్నాయి. కాని ఆ వొత్తిడి పనిచేసేది మెదడు మీదే గదా! భౌతికవాదులమని చెప్పుకుంటూ మెదడును చూసి జంకడం విడ్డూరం. సంకల్పం ఆత్మగుణమనీ, అది లేనివాడు నీతిలేనివాడనీ అనడమే అసలైన భావవాదం. శ్రమను గౌరవించే మన నోటికి సోమరి అనే తిట్టు మరీ సులువుగా వస్తుంది. అందుకే మనం మరింత జాగ్రత్తగా వుండాలి.

2002లో జపాన్ మానసిక వైద్యులు, రోగుల కుటుంబాలు కోరగా, మనసు చీలిన జబ్బు అనే పాత పేరు తీసేసి, సమన్వయం లోపించిన జబ్బు అనే అర్థంలో కొత్త పేరు పెట్టారు. పేరు మారినంతలో జబ్బు నయం కాలేదు. కాని రోగికి అతని జబ్బేమిటో చెప్పే వైద్యుల సంఖ్య పెరిగింది.

తెలుగులో ఆ పని భాష చదువుకున్న మనవంతు. లేమి కూడా జబ్బేనని వొప్పుకుంటే, మా తమ్ముడిలాంటివాళ్లకు ఉపదేశాలు తగ్గుతాయి. వాళ్లకు కావలసింది రోజూ వొక వేళకు వచ్చి పిలిచే మనిషి, చేయగలిగినంత పని, తొందరపెట్టని పొరుగు. వీటిని సమకూర్చడం వైద్యుడొక్కడి వల్ల అయ్యేది కాదు.