బడి దాటాక యూనివర్సిటీ వద్దనుకుంటే

ఇంగ్లండ్‌లో 16 ఏళ్లు నిండే విద్యా సంవత్సరంలో జూన్ చివరి శుక్రవారంతో పిల్లలు బడి మానేయవచ్చు. చదువు మాత్రం అక్కడితో ఆపేయడానికి లేదు. 2008లో చేసిన చట్టం ప్రకారం 2013 నుంచి 17 ఏళ్ల దాకా, 2015 నుంచి 18 ఏళ్ల దాకా ఏదో ఒక చదువులోనో శిక్షణలోనో ఉండి తీరాలి. సిక్స్త్ ఫారం (బడిలోని పై రెండు తరగతులు), కాలేజీ, అప్రెంటిస్‌షిప్, లేదంటే వారానికి 20 గంటలకు తగ్గని పని, దానితోపాటు కొంత చదువు. ఈ దారుల్లో ఏది పట్టినా చట్టానికి సమ్మతమే. కానీ ప్రభుత్వం ఇచ్చే డబ్బు అన్ని దారుల్లోనూ వెంట రాదు.

ముందు చెప్పుకోవలసింది చైల్డ్ బెనిఫిట్. ఇది పిల్లల చేతికి కాదు, తల్లికో తండ్రికో అందుతుంది. 2025-26లో మొదటి బిడ్డకు వారానికి 26.05 పౌండ్లు, తర్వాతి వారికి ఒక్కొక్కరికి 17.25. బిడ్డకు 16 నిండాక వచ్చే ఆగస్టు 31తో ఇది ఆగిపోతుంది. ఫుల్‌టైమ్ చదువు కొనసాగితే 20 ఏళ్ల దాకా వస్తుంది, అదీ డిగ్రీ స్థాయి చదువు కాకపోతేనే. వారానికి సగటున 12 గంటలకు మించి పాఠాలు ఉంటేనే ఫుల్‌టైమ్ కింద లెక్క. అందుకే ఆ ఏడాది పన్నుల శాఖ నుంచి ఇంటికి ఒక ఉత్తరం వస్తుంది. మీ బిడ్డ చదువు కొనసాగిస్తున్నారా అన్నదే అందులోని ప్రశ్న. పరీక్షల హడావుడిలో ఆ కవరు విప్పకుండా ఫ్రిజ్ మీద ఉండిపోతే, అమ్మాయి సెప్టెంబరులో శుభ్రంగా కాలేజీకి వెళ్తున్నా డబ్బు ఆగిపోతుంది. ఆన్‌లైన్‌లో రెండు నిమిషాల్లో జవాబు చెప్పవచ్చు, చెప్పి తీరాలి. బడి మానేసి ఇంకా ఏ దారీ దొరకని 16, 17 ఏళ్ల వారు ప్రభుత్వ కెరీర్ సర్వీసులో పేరు నమోదు చేయించుకుంటే మరో 20 వారాలు చైల్డ్ బెనిఫిట్ పొడిగిస్తారు. ఈ సంగతి తెలిసినవాళ్లు తక్కువ. పైగా మూడు నెలల్లోపు అడగాలి.

ఇంగ్లండ్ విధానంలో అన్నిటికంటే అన్యాయంగా కనిపించేది అప్రెంటిస్‌షిప్ సంగతి. చట్టం దాన్ని శిక్షణ అంటుంది, చైల్డ్ బెనిఫిట్ నిబంధన మాత్రం దాన్ని ఉద్యోగంగా చూస్తుంది. 17 ఏళ్ల కుర్రాడు కాలేజీ వదిలి ఎలక్ట్రీషియన్ అప్రెంటిస్‌గా చేరితే చైల్డ్ బెనిఫిట్ పోతుంది. తల్లిదండ్రులు తక్కువ ఆదాయమున్న ఇళ్లకు నెలనెలా ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ తీసుకుంటుంటే అందులో ఆ బిడ్డ పేరిట వచ్చే భాగమూ పోతుంది. 2017 ఏప్రిల్ 6కు ముందు పుట్టిన తొలి బిడ్డకు ఆ భాగం 2025-26లో నెలకు 339 పౌండ్లు. రెండూ కలిపితే ఇంటికి నెలకు 450 పౌండ్లకు పైగా తగ్గుతుంది. కుర్రాడికి జీతం వస్తుంది, నిజమే. 2025 ఏప్రిల్ నుంచి అప్రెంటిస్ కనీస వేతనం గంటకు 7.55 పౌండ్లు, వారానికి 37 గంటలు చేస్తే దాదాపు 280. పోయినదానికంటే ఇది ఎక్కువే. కానీ ఆ డబ్బులోంచే బస్సు పాసు, పనిముట్లు, బూట్లు కొనుక్కోవాలి. ఇంటద్దెకు తగ్గిన సొమ్మూ అందులోంచే పూడ్చాలి. చేతికి పని నేర్చుకుంటున్న పిల్లవాడు మొదటి జీతంతోనే ఇంటి బరువు మోయాల్సి రావడం సరికాదు. 19 నిండి, అప్రెంటిస్‌గా మొదటి ఏడాది గడిస్తేనే వయసుకు తగ్గ వేతనం వస్తుంది. 18 నుంచి 20 ఏళ్ల వారికి అది 2025-26లో గంటకు 10 పౌండ్లు.

ఒకప్పుడు చదువుకునే పిల్లల చేతికే వారానికి 10, 20, 30 పౌండ్ల చొప్పున ఎడ్యుకేషన్ మెయింటెనెన్స్ అలవెన్స్ అందేది. ఇంగ్లండ్‌లో 2011లో దాన్ని ఎత్తేశారు. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో ఇంకా ఉంది. ఇంగ్లండ్‌లో దాని స్థానంలో ఇప్పుడున్నది కాలేజీల ద్వారా ఇచ్చే బర్సరీ అనే సాయం.

18 దాటాక ఎవరి అర్జీ వాళ్లదే. 16, 17 ఏళ్ల వారికి తల్లిదండ్రుల అండ లేకపోవడం, అంగవైకల్యం, సొంత బిడ్డ ఉండటం వంటి కారణాలు ఉంటే తప్ప యూనివర్సల్ క్రెడిట్ ఇవ్వరు. 1988లో ఆ వయసువారికి ఇన్‌కమ్ సపోర్ట్ తీసేసినప్పటి నుంచీ పద్ధతి ఇదే. 18 నిండిన ఒంటరి వ్యక్తికి 2025-26లో నెలకు 316.98 పౌండ్లు, అదే 25 నిండితే 400.14. పాలు, రొట్టె ధర వయసు చూసి తగ్గదు కదా, ఈ తేడాకు సమర్థన కనిపించదు. మొదటి డబ్బు చేతికి రావడానికి ఐదు వారాలు పడుతుంది. అడ్వాన్స్ అడగవచ్చు గానీ అది అప్పు, నెలనెలా కోసుకుంటారు. జాబ్‌సెంటర్‌లో వర్క్ కోచ్ ఎదుట కూర్చుని ఒప్పందానికి అంగీకారం తెలపాలి. వారానికి 35 గంటల దాకా ఉద్యోగం వెతకాలి. ఎన్ని చోట్ల దరఖాస్తు పెట్టిందీ ఫోన్‌లో జర్నల్‌లో రాయాలి. అపాయింట్‌మెంట్ తప్పితే కోత పడుతుంది. తల్లిదండ్రుల ఇంట్లోనే ఉంటే అద్దె భాగం రాదు. ఉద్యోగం దొరికితే, సంపాదించే ప్రతి పౌండుకూ 55 పెన్నీలు తగ్గిస్తారు.

యూకేలోని తెలుగు కుటుంబాల్లో చాలావాటికి ఈ లెక్కలన్నిటికీ ముందు మరొకటి అడ్డొస్తుంది. స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నవారికి ‘నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వ భత్యాలకు అర్హత లేదు) అన్న షరతు ఉంటుంది. శాశ్వత నివాస అనుమతి (ఐఎల్ఆర్) వచ్చేదాకా చైల్డ్ బెనిఫిట్ లేదు, యూనివర్సల్ క్రెడిట్ లేదు. బడి, వైద్యం మాత్రం ఈ షరతు కిందికి రావు. చైల్డ్ బెనిఫిట్ లేకపోవడం మరోచోటా అడ్డొస్తుంది. అది తీసుకునే ఇళ్లలో పిల్లలకు 16 ఏళ్లు నిండబోతుండగా, ఉద్యోగానికి అవసరమయ్యే నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు దానంతట అదే పోస్టులో వస్తుంది. మిగతావాళ్లు చాలావరకు సొంతంగా అర్జీ పెట్టుకోవాలి. ఆ నంబరు లేక మొదటి ఉద్యోగంలో తికమకపడే పిల్లలున్నారు.

ఈ ఇళ్లలో ‘యూనివర్సిటీ వద్దనుకోవడం’ అన్న మాటకే అర్థం వేరు. సెటిల్డ్ హోదా లేని విద్యార్థికి సాధారణంగా హోమ్ ఫీజూ ఉండదు, ప్రభుత్వ రుణమూ దొరకదు. హోమ్ విద్యార్థికి 2025-26లో ఏడాదికి గరిష్ఠంగా 9,535 పౌండ్లున్న చోట, అంతర్జాతీయ ఫీజు దానికి రెండు మూడింతలు కావచ్చు. బాగా చదివే అమ్మాయి సీటు వచ్చినా వదులుకుంటే, అది ఆమె కోరిక కాకపోవచ్చు, తండ్రి పే స్లిప్ చెప్పిన మాట కావచ్చు. అలాంటి అమ్మాయికి మిగిలే మేలైన దారి డిగ్రీ అప్రెంటిస్‌షిప్. 2015లో మొదలైన ఈ పద్ధతిలో యజమానీ ప్రభుత్వమూ కలిసి ఫీజు కడతారు, జీతమూ వస్తుంది. అది పబ్లిక్ ఫండ్స్ కింద లెక్కకు రాదు. పనిచేసే అనుమతి ఉండాలి, సాధారణంగా అంతకుముందు మూడేళ్లుగా యూకేలో నివసిస్తూ ఉండాలి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ, చాలా కంపెనీల ప్రకటనలు శరదృతువులోనే మొదలవుతాయి. ఏ-లెవెల్ ఫలితాలు వచ్చే ఆగస్టు దాకా ఆగితే అప్పటికి చాలా తలుపులు మూసుకుపోయి ఉంటాయి.