బోథ్‌కు మూడు ఉత్తరాలు: అండమాన్‌లో లెదర్‌బ్యాక్ తాబేలు

1. శ్రీ విజయపురం (పోర్ట్‌బ్లెయిర్)



అండమాన్, నికోబార్ తీరాల్లో నాలుగు రకాల సముద్ర తాబేళ్లు గుడ్లు పెడతాయి: ఆలివ్ రిడ్లీ, పచ్చ తాబేలు, హాక్స్‌బిల్, లెదర్‌బ్యాక్. ఆలివ్ రిడ్లీ కాకినాడ తీరానికీ వస్తుంది. లెదర్‌బ్యాక్ మాత్రం మన దేశంలో దాదాపుగా ఈ దీవులకే పరిమితం. తాబేళ్లన్నిటిలో పెద్దది ఇదే. బరువు 500 కిలోలు దాటవచ్చు. చెరువు తాబేలుకున్నట్టు గట్టి చిప్ప ఉండదు. వీపంతా నల్లని తోలు, దాని మీద నిలువునా ఏడు గట్లు. ముఖ్యమైన తిండి జెల్లీచేపలు.

2. హట్ బే, లిటిల్ అండమాన్

లెదర్‌బ్యాక్ కనబడిందంటే చాలాసార్లు దాని జాడ కనబడిందనే అర్థం. ఆడ తాబేలు చలికాలపు రాత్రుల్లో ఒడ్డెక్కి, వెనక రెక్కలతో గుంత తవ్వి, గుడ్లు పెట్టి, ఇసుక కప్పి సముద్రంలోకి వెళ్లిపోతుంది. తెల్లారేసరికి ఇసుక మీద ట్రాక్టర్ నడిచినట్టు వెడల్పాటి చాలు మిగులుతుంది. ముందు రెక్కలు రెండూ ఒకేసారి వేస్తుంది కనుక అచ్చు రెండు పక్కలా సమానంగా పడుతుంది. ఆలివ్ రిడ్లీ ఒక్కోటి మార్చి వేస్తుంది, దాని అచ్చు ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకే తాబేలు పది రోజులకోసారి చొప్పున ఒక సీజన్‌లో చాలాసార్లు వస్తుంది. అందుకే గూళ్ల లెక్క తాబేళ్ల లెక్క కాదు. ఇక్కడ ఉపగ్రహ ట్యాగులు కట్టి వదిలిన వాటిలో కొన్ని ఆస్ట్రేలియా పడమటి తీరం వైపు, కొన్ని ఆఫ్రికా వైపు సాగిపోయాయి.

3. క్యాంప్‌బెల్ బే, గ్రేట్ నికోబార్

దీవి దక్షిణాన ఉన్న గలతియా బే లెదర్‌బ్యాక్‌కు పేరున్న తీరం. 2004 డిసెంబరు 26న భూకంపానికి నేల కుంగింది, సునామీకి ఇసుక కొట్టుకుపోయింది. కొన్నేళ్లలో ఇసుక మళ్లీ పేరుకుంది, తాబేళ్లూ తిరిగొచ్చాయి. 1997లో అభయారణ్యమైన ఈ తీరానికి 2021లో, ఓడరేవు ప్రతిపాదనతో, ఆ హోదా తీసేశారు.

తీరం దక్కినా ముప్పు తప్పదు. నీళ్లలో తేలే పాలిథిన్ సంచి జెల్లీచేపలా కనబడుతుంది. మింగితే పేగులు పూడుకుపోయి తాబేలు చనిపోవచ్చు. ఆ సంచి సముద్రం ఒడ్డునే పడనక్కర్లేదు. ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల వాగుల నీళ్లు కడెం నదిలో, కడెం గోదావరిలో, గోదావరి బంగాళాఖాతంలో కలుస్తాయి.