మావయ్యకి లాగిన్ లేదు

మొన్న సంక్రాంతికి మూలపేట వెళ్తే, పండక్కి వచ్చిన పలాస మావయ్య నన్ను చూడగానే "ఏట్రా అల్లుడూ, మీ సాఫ్టువేరోళ్ళకి నేను పరాయోడినైపోనానా?" అన్నాడు.

మావయ్యకి కాశీబుగ్గలో చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. 80 కిలోల బస్తా పిక్కలు ఎంత పప్పు దిగుతాయో చేత్తో తూచి చెప్పగలడు. ఆయన దగ్గర పప్పు కొనే ఒక కంపెనీ, ఆర్డర్లూ బిల్లులూ అన్నీ తమ పోర్టల్లోనే పెట్టమంది. అది సేల్స్‌ఫోర్స్ మీద కట్టిన పోర్టల్. నా ఉద్యోగం కూడా అలాంటివి కట్టడమే (ఇది మాత్రం నేను కట్టింది కాదు, ముందే చెప్తున్నా).

జరిగిందేంటంటే, లాగిన్ గుమస్తా పేరు మీద, గుమస్తా ఈమెయిల్‌తో తీశారు. ఆయన దసరాకి పని మానేసి విశాఖ వెళ్ళిపోయాడు, నంబరూ మార్చేశాడు. పాస్‌వర్డ్ మార్చుకుందామంటే లింకు ఆయన మెయిల్‌కే పోతుంది. మూడు బిల్లులు లోపల, మావయ్య బయట. ఫోన్ చేస్తే "మీరు రిజిస్టర్డ్ యూజర్ కాదు సార్" అన్నారట. ఫ్యాక్టరీ ఆయనది, పప్పు ఆయనది. యూజర్ మాత్రం కాదు!

నాకు నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. ఎందుకంటే ఇది ఎలా జరుగుతుందో నాకు బాగా తెలుసు. బయటివాళ్ళకి లాగిన్ ఇవ్వాలంటే ముందు వాళ్ళ సంస్థ పేరున అకౌంట్ ఉండాలి, దాని కింద మనిషి పేరున కాంటాక్ట్, ఆ కాంటాక్ట్ మీద యూజర్. యూజర్‌నేమ్ ఈమెయిల్ రూపంలో ఉంటే చాలు, నిజంగా పనిచేసే ఈమెయిల్ కానక్కర్లేదు. పాస్‌వర్డ్ లింకు వెళ్ళే ఈమెయిల్‌కి వేరే గడి ఉంటుంది. ఒకసారి చేసిన యూజర్‌ని చెరపలేం, ఆపగలం అంతే. అంటే గుమస్తా వెళ్ళిపోయిన రోజే ఆయన్ని ఆపి, ఇంకో కాంటాక్ట్ మీద కొత్త యూజర్ చేస్తే పది నిమిషాల పని. చెయ్యాల్సినవాడికి ఆ సంగతి తెలియాలి, అంతే.

తెలిసే దారి కూడా ఉంది. డెలిగేటెడ్ ఎక్స్‌టర్నల్ యూజర్ అడ్మినిస్ట్రేషన్ అని ఒకటి ఉంటుంది. దాంతో సరుకు పంపే సంస్థలో ఒకరికి, తమ అకౌంట్ కింద యూజర్లని తామే చేర్చుకునే, ఆపుకునే హక్కు ఇవ్వొచ్చు. అదుంటే మావయ్య ఎవర్నీ బతిమాలే పని లేదు. నేను పనిచేసిన రెండు ప్రాజెక్టుల్లో దీన్ని "ఫేజ్ టూ" అని పక్కన పెట్టాం. ఫేజ్ టూ సంగతి మీకు తెలిసిందే కదా :) లైసెన్సు డబ్బులు మిగలాలని సంస్థకి ఒక్క లాగినే ఇచ్చి, వాళ్ళు పాస్‌వర్డ్ పంచుకుంటే "సెక్యూరిటీ అంటే తెలీని జనం" అని మీటింగుల్లో నవ్వుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

అన్నట్టు, భావనపాడు పోర్టు అనుకున్నది మా ఊరి పేరు పెట్టుకుని 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేసుకుంది. పోర్టన్నాక లారీలవాళ్ళూ, ఏజెంట్లూ, మావయ్యలాంటివాళ్ళూ.. అందరికీ తలా ఒక లాగిన్ కావాలి. ఎన్ని గుమస్తాల మెయిళ్ళ మీద తెరుస్తారో!

సరే, అరుగు మీద కూర్చుని ఆ కంపెనీకి మెయిల్ రాశాం. పాత యూజర్‌ని ఆపండి, ఇద్దరికి కొత్తవి ఇవ్వండి అని. ఒకటి మావయ్యకి, రెండోది లెక్కలన్నీ నిజంగా చూసే మా మరదలికి.

"దాని పేరెందుకురా, రేపు పెళ్ళైతే ఎలిపోద్ది కదా" అన్నాడు మావయ్య.

"గుమస్తా ఉండిపోయాడా ఏంటి నాన్నా?" అంది లోపల్నుంచి.

మావయ్య మాట్లాడలేదు. ఆవిడ మెయిల్ ఐడీ ఏదో కనుక్కుని నేనే టైపు చేశాను. నాలుగో రోజుకి లింకు వచ్చింది.