గుంజాల యక్షరములు

తీర్థయాత్రలను గూర్చి మనము తరచుగ చదువుచుందుము. నేను చేసివచ్చిన యాత్రలో దేవుడు లేడు, గుడి లేదు. మేము చూడబోయినవి అక్షరములు.

మావారు ఉపాధ్యాయులు. సంక్రాంతి సెలవులలో కరీంనగరమునుండి జగిత్యాల త్రోవను బయలుదేరి, మొదట గంగాధర చేరువనున్న కురిక్యాలలో దిగితిమి. అచ్చటి బొమ్మలగుట్టపై, కన్నడకవి పంపని తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతమున చెక్కించిన శాసనము కలదు. అందు సంస్కృత కన్నడములతోపాటు తెలుగు కందపద్యములు మూడున్నవి. వేయేండ్ల యెండవానల కోర్చిన యా వ్రాతను పండితులు చదివి మన కర్థము చెప్పగలిగిరి. బాల్యమున మా తండ్రిగారియొద్ద ఛందస్సు నేర్చిన నాకు, ఆ రాతిచెంత నిలిచినప్పుడు పుట్టింటి గడప త్రొక్కినట్లయ్యెను.

గుట్ట దిగుచు మావారు ఖితానుల కథ చెప్పిరి. ఆసియా యుత్తరమున గడ్డిమైదానములలో గుఱ్ఱములతో, మందలతో, గుడారములు మార్చుకొనుచు తిరిగిన జాతి యది. అబావోజీ యను నాయకుడు 907లో రాజై వారి నొక్కటి చేసెను. 920లో, అనగా మన జినవల్లభుని కాలముననే, వారు తమకొక లిపిని కల్పించుకొనిరి. శియావ్ చువో యను రాజమాత 982 మొదలు 1009 వఱకు కుమారుని పేర రాజ్యమేలి, 1005లో చీనా చక్రవర్తితో సంధి చేసికొనెను. 1125లో రాజ్యము జుర్చెనుల పాలయ్యెను. 1191లో లిపి నిషేధింపబడెను. రష్యనులు నేటికిని చీనాను “కితాయ్” అందురు. అది ఖితానుల పేరే. పేరు మిగిలెను. శిలలపై నున్న వారి మాటలను మాత్రము పండితులు సగము సగముగనే చదువగలుగుచున్నారు.

మరునాడు రాయపట్నమువద్ద గోదావరి దాటి, లక్సెట్టిపేట, జన్నారము, టేకుటడవులు, ఉట్నూరు గడచి, నార్నూరు మండలములోని గుంజాల చేరితిమి. అది గోండుల పల్లె. వారు సంచారులు కారు, కృషీవలులు. అయినను వారికిని రాజ్యముండెను. చాందాలోని గోండు రాజుల పాలన 1751లో భోంస్లేల రాకతో ముగిసెను. వారి భాష మన తెలుగునకు తోబుట్టువు: ఉండి, రండ్, ముండ్, నాలుంగ్ అని లెక్కించుచుండగా విని నేను నవ్వుకొంటిని.

1943లో హైమెండార్ఫు దొర మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ ప్రారంభించినప్పుడు, గోండి వాచకములు దేవనాగరిలో అచ్చయ్యెను. ఈ గుంజాలలో మాత్రము గోండి స్వంతలిపిలో చేవ్రాతప్రతులు దాగియుండెను. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారును, హైదరాబాదు విశ్వవిద్యాలయమువారును వానిని వెలికి దెచ్చునాటికి చదువగల వృద్ధులు వ్రేళ్లపై లెక్కింపదగినవారే! 2018లో యీ లిపికి యూనికోడులో చోటు దొరకుటచే, నేడు యంత్రములపైనను వ్రాయవచ్చును.

ఒక యింటి యరుగుపై పదేండ్ల బాలిక పలకపై వ్రాయుచుండెను. “‘క’ ఏదమ్మా?” అంటిని. “మాకు మొదలు ‘య’ వస్తది” అని, నా వ్రేలు పట్టి యా యక్షరమును దిద్దించెను. ముప్పదియేండ్లు దాటిన నాకు మరల అక్షరాభ్యాసము!

“నీకును వచ్చునా అవ్వా?” అని ప్రక్కనున్న ముసలమ్మ నడిగితిని.

“నాకు రాదు బిడ్డా. మా అత్తింట్ల గిట్లాంటి కాయితాలు ఉండె. ఏందో తెల్వక పొయ్యిల పెట్టినం” అని మనుమరాలి పలకవైపు చూచుచుండెను.

నాకు మాట రాలేదు. మా యమ్మ తన చేతితో వ్రాసికొన్న పాటల పుస్తకములు మూడుండెడివి. ఇల్లు మారునప్పుడు పాతకాగితములతో రెంటిని తూకమునకు వేసినది నేనే. వానిలోని పాటలు నాకు సగమే జ్ఞప్తియున్నవి.

ఇల్లు చేరగనే అటుకపైనున్న మూడవదానిని దించితిని. ఇంగ్లీషు బడిలో చదువు మా యమ్మాయి ‘ఱ’ కడ ఆగి, “ఇదేమక్షరమమ్మా?” అనెను. చెప్పితిని. ఇప్పుడు రాత్రి భోజనములైన తరువాత దినమున కొక పాట చదువుచున్నాము. అక్కలారా, చెల్లెండ్రారా! మీ యటుకలపై నేమున్నదో యొకసారి చూడుడు.