చాదస్తం కాదు

మా నాన్నగారు రోజూ సాయంత్రం హనుమకొండ వేయిస్తంభాల గుడిదాకా నడిచి వచ్చేవారు. ఒకనాడు తిరిగి వస్తూ మా వీధి మలుపు మరిచిపోయారు. "పెద్దతనం, చాదస్తం!" అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే నేనూ నవ్వాను. తర్వాత కాలు తడబడింది. నోటికి మాట అందటం మానేసింది.

వాల్డెన్‌స్ట్రామ్ అనే రక్తపుజబ్బు ఆయనకు ఆరేళ్ళుగా ఉంది. దానికీ ఈ మతిమరుపుకీ సంబంధం ఉంటుందని మాకెవరికీ తోచలేదు. చివరకు వరంగల్లులో రైలెక్కించి హైదరాబాదు తీసుకువెళ్ళాం. వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేశారు. ఎముకల మూలుగలో పుట్టిన చెడ్డ కణాలు మెదడులోకీ, వెన్నుపాములోకీ చేరాయట!

ఇది చాలా అరుదు. పేరు బింగ్-నీల్ సిండ్రోమ్. ఆ ఇద్దరు వైద్యులూ దీన్ని 1936లో వర్ణించారు. అసలు జబ్బును స్వీడన్ వైద్యుడు వాల్డెన్‌స్ట్రామ్ వర్ణించింది 1944లో! కొమ్మ ముందు కనిపించి, చెట్టు తర్వాత కనిపించిందన్నమాట. మా ఇంట్లోనేమో చెట్టు ఎదురుగా ఉన్నా కొమ్మను పోల్చుకోలేకపోయాం.

మెదడులోకి చేరగల ఇబ్రుటినిబ్ మందు ఇచ్చారు. జబ్బు పూర్తిగా పోదు, అదుపులో ఉంటుందన్నారు. కొన్ని నెలలకు నాన్నగారు చేతికర్ర అందుకుని, నన్ను వెంటబెట్టుకుని గుడికి బయలుదేరారు. తిరిగి వస్తూ, ఏదో ఆలోచనలో నేను మలుపు దాటిపోయాను.

"ఒరేయ్, ఇటు! నీకప్పుడే చాదస్తమా?" అన్నారు.