పాత బండిబాట

మా వదిన ఉన్నట్టుండి గుమ్మాలకు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎదురుగా ఉన్న మనిషి కనిపిస్తాడు, పక్కనించి వచ్చేవాడు కనిపించడు. కళ్లద్దాలు రెండుసార్లు మార్చాం. బొంగులూరు గేటు దగ్గర రోడ్డు దాటుతూ ఆటో కింద పడబోయి త్రుటిలో తప్పించుకున్నాకగాని మాకు భయం వెయ్యలేదు.

నగరంలో చూపిస్తే, మెదడు అడుగున శనగగింజంత ఉండే పీయూష గ్రంథిలో కణితి పెరిగి కంటి నరాలను నొక్కుతోందన్నారు. తల తెరవనక్కరలేదు, ముక్కులోంచి వెళ్లి తీసేస్తామన్నారు. అన్నయ్య తేదీ కూడా ఖాయం చేశాడు.

తీరా డాక్టరుగారు ఫిల్ము మరోసారి చూసి, "ఈ నల్లచుక్క నాకు నచ్చలేదు. రక్తనాళాలకు వేరే స్కానింగు తీయించండి" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "ఇదంతా డబ్బు గుంజడానికే" అన్నాను, గది బయటే, ఆయనకు వినపడేటట్టే. అన్నయ్య నా చెయ్యి నొక్కాడు.

ఆ చుక్క రక్తనాళమే! తల్లి కడుపులో తొలి వారాల్లో అందరికీ, మెదడుకు ముందునించి వచ్చే పెద్దనాళాన్నీ వెనకనాళాన్నీ కలుపుతూ ఒక అడ్డదారి ఉంటుందట. అసలుదారి ఏర్పడగానే అది మాసిపోతుంది. వెయ్యిమందిలో ఏ ఒకరికో, మహా అయితే ఆరుగురికో మిగిలిపోతుంది. 1844లోనే క్వెయిన్ అనే ఆయన దీన్ని వర్ణించాడు. కాని 1927లో లిస్బన్‌లో మోనిజ్ మెదడు నాళాలను ఎక్స్‌రేలో చూపించేదాకా, బతికున్న మనిషిలో దాన్ని కనిపెట్టే ఉపాయమే లేదు. కొందరికి ఆ నాళం పక్కగా పోతుంది. ఇంకొందరికి గ్రంథి ఉండే ఎముక గుంటలోంచే పోతుంది. మా వదినది ఈ రెండోరకం.

మా ఊళ్లో సాగర్ రోడ్డూ, రింగురోడ్డూ వచ్చాక బండిబాటలన్నీ ప్లాట్లలో కలిసిపోయాయి. ఎక్కడో ఒకటి మిగులుతుంది. నక్షా నమ్మి గోడ కట్టబోయినవాడికి అప్పుడు తెలుస్తుంది. గోడైతే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. తెలియక ఆ నాళానికి కత్తి తగిలిస్తే మనిషి దక్కడం కష్టం. ఈ మాటే చెబితే, "నా తలలో కూడా బండిబాటేనా, మరిదీ?" అని వదిన నవ్వింది. మాకెవరికీ నవ్వు రాలేదు.

ఆపరేషన్ ఆగలేదు, పద్ధతి మారింది. రక్తం పారే చప్పుడు వినిపించే సన్నటి సాధనంతో నాళం ఎక్కడుందో వింటూ, ఆగి ఆగి తీశారు. నాళానికి అంటుకున్న చిన్నముక్కను కావాలనే వదిలేశారు. "మొత్తం తీసేశానని చెప్పుకోవాలన్న సరదా నాకు లేదు" అన్నారు డాక్టరుగారు. ఆయన మొహం చూడలేకపోయాను.

వదిన ఇప్పుడు గుమ్మాలకు తగలడం లేదు. ఏడాదికోసారి స్కానింగు తీయించాలి. మొన్న చీటీ రాసిస్తే డబ్బు నేనే కట్టాను. అన్నయ్య నావైపు చూశాడుగాని ఏమీ అనలేదు.